విద్యార్థి క్లబ్బు వెబ్‌సైటు

విద్యార్థి క్లబ్బు వెబ్‌సైటు అనగా ఒక కళాశాలలోని విద్యార్థుల క్లబ్బు తన కార్యక్రమాలను, సభ్యత్వ వివరాలను, చేసిన పనులను ఇతరులకు తెలియజేయడానికి స్వయంగా నిర్మించి నిర్వహించుకునే వెబ్‌సైటు. ప్రోగ్రామింగు, రోబోటిక్సు, సాహిత్యం, నాటకం, ఫొటోగ్రఫీ, సమాజసేవ వంటి రంగాలలో పనిచేసే క్లబ్బులు ఈ కోవలోకి వస్తాయి. రాజకీయ అనుబంధం గల విద్యార్థి సంఘాలు ఈ వ్యాసపు పరిధిలోకి రావు.

సంస్థల వెబ్‌సైట్లకు, క్లబ్బుల వెబ్‌సైట్లకు ప్రధానమైన భేదం ఒకటి ఉన్నది. సంస్థలో ఉద్యోగులు సంవత్సరాల తరబడి కొనసాగుతారు. క్లబ్బులో సభ్యులు చదువు ముగియగానే వెళ్ళిపోతారు. కనుక ఈ వెబ్‌సైటుకు నిర్మాణం, ప్రచురణ, అప్పగింత అనే మూడు దశలు ఉంటాయి. మొదటి రెండు దశలు ఎంత చక్కగా జరిగినా, మూడవది జరగని వెబ్‌సైటు సాధారణంగా దానిని నిర్మించిన తరగతి కళాశాల విడిచిన ఒకటి రెండు సంవత్సరాలలో మూతపడుతుంది.

## చరిత్ర

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ 1991 ఆగస్టులో బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకొనేందుకు వీలు కల్పించింది. వెబ్‌ను మొదట అందిపుచ్చుకున్న వారిలో విద్యార్థి క్లబ్బులు ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో 1969లో ఏర్పడిన విద్యార్థుల కంప్యూటరు క్లబ్బు, 1993లోనే తన వెబ్ సర్వరును నడిపింది. సంస్థ పేరు ముందు "డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు." ఉండే చిరునామా మొదట ఆ క్లబ్బు చేతిలోనే ఉండేది. సంస్థ తన అధికారిక వెబ్‌సైటుకు వేరే చిరునామాను వాడవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేరు సంస్థకు చెందింది. చిరునామా ఎవరి అధీనంలో ఉండాలి అనే ప్రశ్న విద్యార్థి క్లబ్బుల వెబ్‌సైట్లంత పాతదని దీనివలన తెలుస్తున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో 1989లో మొదలైన ఓపెన్ కంప్యూటింగ్ ఫెసిలిటీ అనే విద్యార్థి క్లబ్బు, తోటి క్లబ్బుల వెబ్‌సైట్లకు కూడా తన సర్వర్లలో చోటు ఇస్తుంది.

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు సేవలు ప్రారంభించింది. అంతకు ముందు ఎర్నెట్ ద్వారా కొన్ని పెద్ద విద్యాసంస్థలకు మాత్రమే ఆ సౌకర్యం ఉండేది. తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలు విస్తరించిన కాలంలో ఎక్కువ క్లబ్బులకు సొంత సర్వరు లేదు. అందువలన ఉచిత సేవలపై ఆధారపడడం పరిపాటి అయింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఆధ్వర్యంలో ఇంజనీరింగు కళాశాలలలో గ్నూ/లినక్స్ వాడుకరుల సంఘాలు (గ్లగ్‌లు) ఏర్పడ్డాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో పనిచేయడం, తెలుగులో కంప్యూటరు వాడకం వంటివి వీటి ద్వారా విద్యార్థులకు పరిచయమయ్యాయి.

### మూతపడిన ఉచిత సేవలు

క్లబ్బులు ఆధారపడిన ఉచిత సేవలు అనేకం కాలక్రమంలో నిలిచిపోయాయి.

* జియోసిటీస్: 1994లో మొదలై, 1999లో యాహూ చేతికి వచ్చింది. జపాను మినహా 2009లో మూతపడింది.
* ఆర్కుట్: 2004 నుండి 2014 సెప్టెంబరు 30 వరకు నడిచింది.
* యాహూ గ్రూప్స్: 2020 డిసెంబరులో మూతపడింది.
* హెరోకు: ప్రోగ్రాములను నడిపే ఈ సేవ 2022 నవంబరులో తన ఉచిత విభాగాన్ని నిలిపివేసింది.

ఈ సేవలలో మాత్రమే తమ ఛాయాచిత్రాలను, నివేదికలను ఉంచి, వేరుగా నకలు దాచుకోని క్లబ్బుల చరిత్ర వాటితోపాటే పోయింది. క్లబ్బు సమాచారపు మూల ప్రతి ఎల్లప్పుడూ క్లబ్బు దగ్గరే ఉండాలి అనే సూత్రానికి ఇదే ఆధారం.

## తిరువూరు ప్రాంతం

తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం. పట్టణంలో శ్రీ వాహిని ఇంజనీరింగు కళాశాల నెలకొల్పబడింది. సమీపంలోని నూజివీడులో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు (ఆర్.జి.యు.కె.టి.) ప్రాంగణం ఏర్పడింది. గ్రామీణ విద్యార్థులకు ప్రాధాన్యమిచ్చే ఈ విశ్వవిద్యాలయంలో పదవ తరగతి తరువాత ఆరు సంవత్సరాల సమీకృత కోర్సు ఉంటుంది.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలోని విద్యార్థులకు కంపెనీల ప్రతినిధులను, పరిశ్రమలోని వారిని నేరుగా కలిసే అవకాశాలు ఎక్కువ. తిరువూరు వంటి పట్టణంలో చదివే విద్యార్థి చేసిన పనిని దూరాన ఉన్నవారు చూడగలిగే మార్గం ఎక్కువగా వెబ్ మాత్రమే. ఉద్యోగ దరఖాస్తులో ఇచ్చిన లంకె తెరుచుకోకపోతే ఆ పని జరిగిందనడానికి వేరే ఆధారం దొరకదు. కనుక చిన్న పట్టణాల కళాశాలలకు క్లబ్బు వెబ్‌సైటు అలంకారప్రాయం కాదు, అది విద్యార్థుల పనికి రుజువు.

కోర్సు కాలపరిమితి వెబ్‌సైటు నిర్వహణపై నేరుగా ప్రభావం చూపుతుంది. నాలుగు సంవత్సరాల బి.టెక్.లో మొదటి సంవత్సరం నేర్చుకోవడంలోను, చివరి సంవత్సరం ప్రాజెక్టు, ఉద్యోగ ప్రయత్నాలలోను గడుస్తుంది. అంటే ఒక సభ్యుడు వెబ్‌సైటుకు పూర్తిగా సమయం ఇవ్వగలిగేది సుమారు రెండు సంవత్సరాలే. ఆరు సంవత్సరాల కోర్సులో సీనియర్లు, జూనియర్లు కలిసి ఉండే కాలం ఎక్కువ కావడం చేత అప్పగింతకు వెసులుబాటు ఎక్కువ.

## ప్రణాళిక

నిర్మాణం మొదలుపెట్టే ముందు వెబ్‌సైటును ఎవరు, ఎందుకు చూస్తారో నిర్ణయించుకోవాలి. సాధారణంగా చూసేవారు నాలుగు రకాలు: క్లబ్బులో చేరదలచిన కొత్త విద్యార్థులు, ప్రస్తుత సభ్యులు, ఇతర కళాశాలల విద్యార్థులు, ఉద్యోగమిచ్చేవారు. వీరి అవసరాలకు ఈ క్రింది పుటలు చాలును.

* క్లబ్బు పరిచయం, చేరే విధానం
* జరగబోయే కార్యక్రమాల తేదీ, సమయం, స్థలం
* జరిగిన కార్యక్రమాల నివేదికలు, సంవత్సరాల వారీగా
* సభ్యులు చేసిన ప్రాజెక్టులు
* సంప్రదించవలసిన చిరునామా

పుటల సంఖ్య పెరిగేకొద్దీ వాటిని తాజాగా ఉంచే శ్రమ కూడా పెరుగుతుంది. రెండు సంవత్సరాల క్రిందటి కార్యక్రమాన్ని "త్వరలో" అని చూపే పుట కంటే ఆ పుట లేకపోవడమే మేలు.

## డొమైను పేరు

డొమైను పేరు వెబ్‌సైటుకు ఇంటి నంబరు వంటిది. క్లబ్బుకు దీనిని సంపాదించే మార్గాలు మూడు.

మొదటిది, కళాశాల డొమైనులో ఉపడొమైను. భారతదేశంలో విద్యాసంస్థలకు "ఎ.సి. డాట్ ఇన్" తో ముగిసే పేర్లను ఎర్నెట్ ఇండియా నమోదు చేస్తుంది. కళాశాల అనుమతితో దాని కింద క్లబ్బు పేరు పెట్టుకోవచ్చు. దీనికి విడిగా రుసుము ఉండదు, విద్యార్థులు మారినా పేరు పోదు. అయితే ప్రతి మార్పుకు కళాశాల కంప్యూటరు విభాగంపై ఆధారపడవలసి ఉంటుంది.

రెండవది, సొంతంగా కొనే పేరు. "డాట్ ఇన్" పేర్ల నమోదు 2005లో అందరికీ సులభతరమైంది. వీటికి ఏటా రుసుము చెల్లించాలి. పేరును ఒక విద్యార్థి తన సొంత ఈమెయిలుతో, సొంత ఫోను నంబరుతో నమోదు చేయడం సర్వసాధారణమైన పొరపాటు. ఆ విద్యార్థి వెళ్ళిపోయాక గడువు హెచ్చరికలు క్లబ్బుకు చేరవు. "డాట్ కామ్" వంటి పేర్లు గడువు ముగిసి రద్దయిన తరువాత, అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపై తొలగింపుకు 5 రోజులు ఉంటాయి. అటు తరువాత ఆ పేరును ఎవరైనా కొనవచ్చు. పాత లంకెల ద్వారా వచ్చే సందర్శకుల కోసం జూదపు ప్రకటనలవారు ఇటువంటి పేర్లను కొంటూ ఉంటారు.

మూడవది, గిట్‌హబ్ వంటి సేవలు ఇచ్చే ఉచిత ఉపడొమైను. ఖర్చు లేదు కాని, సేవ మారితే చిరునామా కూడా మారుతుంది.

పూర్తిగా తెలుగు లిపిలో ఉండే "డాట్ భారత్" డొమైనుకు 2011లో ఆమోదం లభించింది. అయితే కొన్ని ఈమెయిలు సేవలు, ఫారాలు ఇటువంటి పేర్లను స్వీకరించవు. కనుక దీనిని రెండవ పేరుగా ఉంచుకోవడం ఆచరణయోగ్యం.

## నిర్మాణ పద్ధతులు

### స్థిర వెబ్‌సైటు

ఇందులో పుటలన్నీ ముందే తయారై ఉంటాయి. సర్వరు వాటిని ఉన్నవి ఉన్నట్లుగా పంపుతుంది. డేటాబేసు ఉండదు, అందువలన చొరబాటుకు అవకాశాలు తక్కువ, వేగం ఎక్కువ. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. తెలిసినవారు నేరుగా పుటలను వ్రాయవచ్చు. పుటలు ఎక్కువైనప్పుడు జెకిల్ (2008), హ్యూగో (2013) వంటి సాఫ్ట్‌వేర్లు ఒకే మూసలో వాటిని తయారుచేస్తాయి.

### చలన వెబ్‌సైటు

సందర్శకుడు కోరినప్పుడు సర్వరులోని ప్రోగ్రాము డేటాబేసు నుండి సమాచారం తీసి పుటను తయారుచేస్తుంది. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఇందులో ప్రసిద్ధమైనది. ప్రోగ్రామింగు రాని సభ్యులు కూడా విషయం చేర్చగలగడం దీని ప్రయోజనం. అయితే సాఫ్ట్‌వేరును, దాని ప్లగిన్లను ఎప్పటికప్పుడు నవీకరించకపోతే దాడులకు గురవుతుంది. వేసవి సెలవులలో ఎవరూ పట్టించుకోని వెబ్‌సైటుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

నెలకు రెండు మూడు మార్పులు మాత్రమే జరిగే క్లబ్బుకు స్థిర వెబ్‌సైటు సరిపోతుంది. సభ్యుల లాగిన్ వంటి అవసరాలు నిజంగా ఉన్నప్పుడే చలన వెబ్‌సైటును ఎంచుకోవాలి.

## తెలుగు పాఠ్యం

తెలుగు లిపి 1991లో యూనికోడ్ మొదటి సంచికలోనే చేరింది. కాని 2000ల దశకం వరకు తెలుగు వెబ్‌సైట్లు చాలావరకు సొంత ఫాంట్లను వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనిపించేవి. ఈ సమస్య క్లబ్బులకు మరొక రూపంలో ఇంకా ఎదురవుతున్నది. ఆహ్వాన పత్రికలను, కళాశాల సంచికలను డీటీపీ కేంద్రాలలో అను వంటి ఫాంట్లతో కూర్చుతారు. ఆ దస్త్రంలోని పాఠ్యాన్ని అలాగే వెబ్‌సైటులో అతికిస్తే చదవడానికి వీలుకాదు. దానిని యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, సంయుక్తాక్షరాలు సరిచూసుకోవాలి. పాఠ్యాన్ని బొమ్మగా పెట్టడం పరిష్కారం కాదు. బొమ్మలోని అక్షరాలు సాధారణంగా వెతుకులాటలో దొరకవు, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు వాడే అంధ విద్యార్థులకు అందవు.

యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. "తిరువూరు" అనే మాట కంటికి నాలుగు అక్షరాలే అయినా, హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. ఇదే మాటను పుట చిరునామాలో వాడితే ప్రతి బైటు మూడు గుర్తులుగా మారి, నకలు చేసినప్పుడు 72 గుర్తుల పొడవు రావచ్చు. కనుక పుటల చిరునామాలను చిన్న ఆంగ్ల పదాలలో, శీర్షికలను తెలుగులో ఉంచడం వాడుకలో ఉన్నది.

మండలి, రామభద్ర, గిడుగు, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్లు ఉచితంగా లభిస్తాయి. తెలుగులో గుణింతాలు పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి కాబట్టి పంక్తుల మధ్య దూరం ఆంగ్లానికి కంటే ఎక్కువ ఉంచాలి.

## బొమ్మలు, వేగం

క్లబ్బు వెబ్‌సైటును ఎక్కువమంది మొబైలు ఫోనులోనే చూస్తారు. ఫోనుతో తీసిన ఛాయాచిత్రం 4 మెగాబైట్లు ఉన్నదనుకుంటే, సెకనుకు ఒక మెగాబిట్ వేగంలో అది రావడానికి 32 సెకన్లు పడుతుంది. దానినే 150 కిలోబైట్లకు కుదిస్తే సుమారు 1.2 సెకన్లు చాలును. ఒక కార్యక్రమానికి ఇరవై చిత్రాలు పెట్టే క్లబ్బులు ఈ లెక్కను గమనించాలి. మూల చిత్రాలను వేరుగా భద్రపరచి, కుదించిన ప్రతులను మాత్రమే వెబ్‌సైటులో ఉంచుతారు.

## కలిసి పనిచేయడం

పలువురు ఒకే దస్త్రాలను మార్చేటప్పుడు ఒకరి పనిని మరొకరు చెరిపివేసే ప్రమాదం ఉన్నది. పెన్ డ్రైవులలో "చివరిది", "అసలు చివరిది" అని పేర్లు పెట్టి దాచే పద్ధతి దీనికి దారితీస్తుంది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ఈ సమస్యను తీరుస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో అది నమోదు చేస్తుంది. తప్పు జరిగితే వెనుకటి ప్రతికి మళ్ళవచ్చు. జూనియరు చేసిన మార్పును సీనియరు పరిశీలించి చేర్చుకునే ఏర్పాటు ఉండడం చేత ఇది బోధనా సాధనంగా కూడా పనిచేస్తుంది.

## ప్రచురణ

తయారైన వెబ్‌సైటును అందరికీ అందుబాటులో ఉండే సర్వరులోకి చేర్చడమే ప్రచురణ. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరునే సర్వరుగా వాడవచ్చు కాని, కరెంటు పోయినప్పుడు, సెలవులలో ప్రయోగశాలకు తాళం వేసినప్పుడు వెబ్‌సైటు ఆగిపోతుంది. స్థిర వెబ్‌సైట్లకు 2008లో మొదలైన గిట్‌హబ్ పేజెస్ ఉచితంగా చోటు ఇస్తుంది. అందులో ఒక వెబ్‌సైటు పరిమాణం 1 గిగాబైటు మించరాదు. గిట్‌లో మార్పు చేర్చగానే కొద్ది నిమిషాలలో అది వెబ్‌సైటులో కనిపిస్తుంది.

ప్రచురణ క్రమం ఈ విధంగా ఉంటుంది.

# సొంత కంప్యూటరులో వెబ్‌సైటును పరీక్షించడం.
# దస్త్రాల పేర్లు సరిచూడడం. విండోస్ ఆంగ్లంలో పెద్ద, చిన్న అక్షరాలకు భేదం చూపదు. లినక్స్ సర్వరు చూపుతుంది. ప్రయోగశాలలో కనిపించిన బొమ్మలు ప్రచురించాక మాయం కావడానికి తరచు ఇదే కారణం.
# దస్త్రాలను సర్వరులోకి చేర్చడం.
# డొమైను పేరును సర్వరుకు కలపడం. ఈ మార్పు అన్ని చోట్లా కనిపించడానికి కొన్ని గంటల నుండి ఒకటి రెండు రోజుల వరకు పట్టవచ్చు. కనుక ఉత్సవం జరిగే రోజున ఈ మార్పు చేయరాదు.
# సురక్షిత సంధానానికి ధ్రువపత్రం అమర్చడం. 2015 డిసెంబరు నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వీటిని అందరికీ ఉచితంగా ఇస్తున్నది. వీటి గడువు తక్కువ కాబట్టి పునరుద్ధరణ తనంతట తానుగా జరిగే ఏర్పాటు చేసుకోవాలి.
# క్లబ్బుకు సంబంధం లేని ఇద్దరు ముగ్గురి ఫోన్లలో తెరిచి చూడడం.

## వ్యక్తిగత వివరాలు

కార్యక్రమాల నమోదు పట్టికలను పేర్లు, ఫోను నంబర్లు, హాలు టికెట్టు నంబర్లతో సహా వెబ్‌సైటులో పెట్టడం ప్రమాదకరం. వేధింపులకు, మోసపు ఫోను కాల్సుకు ఇవి దారితీస్తాయి. గిట్ పాత ప్రతులను కూడా దాచి ఉంచుతుంది కనుక, పుటలో తొలగించినంత మాత్రాన ఆ వివరాలు పోవు. రహస్యపదాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

భారత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం 18 సంవత్సరాల లోపు వారిని బాలలుగా పరిగణించి, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతిని కోరుతుంది. ఇంటర్మీడియటు స్థాయి విద్యార్థులు, బి.టెక్. మొదటి సంవత్సరం వారిలో కొందరు ఈ వయసు వారే. అవసరమైనంత సమాచారమే సేకరించి, పని ముగిశాక తొలగించడం ఉత్తమం.

## అప్పగింత

వెబ్‌సైటు నిర్వహణ ఒక జట్టు నుండి మరొక జట్టుకు మారడమే అప్పగింత. దీనిని చివరి సంవత్సరపు చివరి వారానికి వాయిదా వేస్తే, పరీక్షల నడుమ అది జరగదు. మూడవ సంవత్సరం ముగిసేలోగా మొదలుపెట్టడం మంచిది. అప్పగించవలసినవి:

* డొమైను ఖాతా, గడువు తేదీ, రుసుము చెల్లించే విధానం
* సర్వరు ఖాతా
* గిట్ భాండాగారం. ఇది వ్యక్తి పేరుతో కాక క్లబ్బు పేరుతో ఉండాలి, కనీసం ఇద్దరు యజమానులు ఉండాలి
* క్లబ్బు పేరిట ఉన్న ఈమెయిలు, దాని రహస్యపదం తిరిగి పొందే ఫోను నంబరు
* మూల చిత్రాలు, నివేదికలు
* వెబ్‌సైటును మార్చే విధానాన్ని వివరించే రెండు పుటల పత్రం

ఈమెయిలు, డొమైను ఖాతాలలో క్లబ్బు బాధ్యుడైన అధ్యాపకునికి కూడా ప్రవేశం ఉండడం మేలు. విద్యార్థులు మారినా అధ్యాపకుడు కొంతకాలం కొనసాగుతాడు. అయితే నిత్య నిర్వహణ విద్యార్థుల చేతిలోనే ఉంటే వెబ్‌సైటు నేర్చుకునే చోటుగా మిగులుతుంది.

అప్పగింత పూర్తయినదీ లేనిదీ తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. కొత్త జట్టులోని ఒక సభ్యుడు, సీనియర్ల సహాయం లేకుండా, వ్రాతపత్రాన్ని మాత్రమే చూసి, కొత్త కంప్యూటరులో ఒక కార్యక్రమపు పుటను చేర్చి ప్రచురించగలగాలి. అది సాధ్యం కాని చోట లోపం జూనియరులో కాక పత్రంలో ఉన్నదని భావించి, పత్రాన్ని సరిదిద్దాలి. సీనియర్లు కళాశాలలో ఉండగానే ఈ పరీక్ష జరిగితే లోపాలు సరిచేయడం సులభం.

## భద్రపరచడం

క్లబ్బు పని ఆపివేసినా దాని చరిత్రను కాపాడవచ్చు. చలన వెబ్‌సైటును స్థిర పుటలుగా మార్చి ఉచిత సర్వరులో ఉంచడం ఒక మార్గం. 1996లో స్థాపించబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2001 నుండి వేబ్యాక్ మెషిన్ ద్వారా పాత వెబ్‌పుటలను చూపుతున్నది. ఎవరైనా ఒక పుట చిరునామా ఇచ్చి దానిని అందులో దాచమని కోరవచ్చు. ఏటా విద్యాసంవత్సరం చివర ఈ పని చేస్తే, డొమైను పోయినా ఆ సంవత్సరపు విద్యార్థుల పని చూపించడానికి ఒక లంకె మిగులుతుంది. నివేదికల ముద్రిత ప్రతిని కళాశాల గ్రంథాలయంలో ఉంచడం కూడా ఉపయోగకరమే.

## ఇవి కూడా చూడండి

* తిరువూరు
* రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం
* స్వేచ్ఛ (సంస్థ)
* యూనికోడ్
* గిట్
* వరల్డ్ వైడ్ వెబ్